ఓడ దారి మార్చుకుంటది.. గుట్ట యాడికి పోతది?

పోయిన చలికాలం మా చిన్నమ్మ కొడుకు అమెరికాకెళ్లి వాట్సాప్ల ఒక ఫొటో పెట్టిండు. పదంతస్తుల బిల్డింగును పండవెట్టినంత ఓడ. దాని ముందట వాడు, వాని పెండ్లాం, ఇక్కడికెళ్లి పోయిన అత్తమామలు. కరీబియన్ దీవుల టూర్ అట. ఏడు దినాలు, నాలుగు దీవులు. మా అత్తమ్మ ఆ ఫొటో సూసి "ఓడల బాయికాడికి పోయొచ్చినట్టు పోయొస్తున్నరు" అని నవ్వింది.

రెండు దినాలైనంక ఇంకో మెసేజ్ వచ్చింది. "అన్నా, ఇయాల దిగాల్సిన దీవిల ఏదో సమ్మె అట. ఓడ ఆగలే. దినమంతా నీళ్ల మీదనే ఉన్నం" అని. పైసలు వాపస్ ఇచ్చిండ్రా అని అడిగిన. "రేవు పన్ను కింద తీసుకున్న కొన్ని డాలర్లు ఇచ్చిండ్రు. గంతే" అన్నడు. మరి సమ్మె ఎందుకు చేస్తున్నరంటరా అని అడిగిన. "ఏమో అన్నా, కెప్టెన్ మైకుల గంతే చెప్పిండు."

వానిది తప్పు అనను. సెలవు పెట్టుకొని, పైసలు గట్టి పోయినోనికి దినం ఖరాబైతే బాధనే. కానీ నాకు ఆ రాత్రి ఓడల ఉన్నోళ్లకంటే ఒడ్డు మీద ఉన్నోళ్ల సంగతే మతికొచ్చింది. ఆ దినం పొద్దుగాల కారు కడిగి, రేవు కాడ నిలబెట్టి, ఓడ కోసం సూసిన టాక్సీ డ్రైవర్ ఏం జేసిండో? కొబ్బరిబోండాలు కొట్టుకొచ్చినాయన వాటిని యాడ అమ్మిండో? ఆళ్లకు ఎవరు వాపస్ ఇచ్చిండ్రు?

వాళ్లకు ఓడొచ్చిన దినమే జాతర

మన ఆత్మకూర్ దిక్కు పోరగాళ్లకు ఈ సంగతి చెప్పాల్నంటే కురుమూర్తి జాతర చెప్తే సాలు. దీపావళి దాటినంక ఆత్మకూర్ బ్యాంకుల దాచిన స్వామి ఆభరణాలు ఊరేగింపుగ గుట్టకు పోతయి. చిన్నవడ్డెమాన్‌కెళ్లి ఉద్దాలు పోతయి. ఆ నాలుగు దినాల బేరం మీద ఏడాదంతా బతుకు నెట్టుకొచ్చేటోళ్లు మనూర్లల్ల ఎంతమంది లేరు? గాజులోళ్లు, మిఠాయోళ్లు, బొమ్మలమ్మేటోళ్లు, ఆటోలోళ్లు. జాతర తప్పితే వాళ్లకు అప్పు తప్పది.

కరీబియన్ దీవులల్ల చానా మందికి ఓడ వచ్చిన దినమే జాతర. నవంబర్ సంది ఏప్రిల్ దాకా సీజన్. ఒక్కో పెద్ద ఓడల మూడు నుంచి ఐదు వేల మంది ఉంటరు. పొద్దుగాల రేవుల దిగుతరు, మాపటికి మళ్ల ఎక్కుతరు. తిండి ఓడలనే, పడక ఓడలనే. అంటే ఆ ఏడెనిమిది గంటలల్ల వాళ్లు టాక్సీకి ఎంత పెట్టిండ్రు, గైడ్‌కు ఎంత ఇచ్చిండ్రు, ఒడ్డు మీద ఏం కొన్నరు, గదే దీవిలోళ్లకు మిగిలేది. దాంతోని పాటు మనిషికింత అని సర్కార్‌కు రేవు పన్ను వస్తది. ఓడ ఆగకపోతే రెండూ పాయె. హోటల్ల దిగినోడైతే ఇయాల కాకుంటే రేపన్న బయటికొస్తడు. ఓడోడు రేపటికి వేరే దేశంల ఉంటడు.

మరి గంత నష్టమని తెలిసి గూడ అక్కడోళ్లు ఎందుకు సమ్మె చేస్తరు? ఈ ప్రశ్న అడగకుంట "సమ్మెలతోని టూరిజం పాడయితుంది" అనుడు మస్తు అల్కగ అయితది.

గ్వాడెలూప్ల 44 దినాలు

గ్వాడెలూప్ అని ఒక దీవి ఉన్నది. ఉన్నది అమెరికా ఖండం పక్కపొంటి, పాలన ఫ్రాన్స్‌ది. జనాభా నాలుగు లక్షల సుమారు. 1848ల ఆడ బానిసత్వం రద్దయినంక చెరుకు తోటలల్ల పనికి మనుషులు కావాల్సొచ్చి, మన దేశంల ఫ్రెంచోళ్ల చేతిల ఉన్న పాండిచ్చేరి, కారైకాల్ రేవులకెళ్లి ఒప్పంద కూలీలను ఓడలెక్కించిండ్రు. తమిళోళ్లు ఎక్కువ, తెలుగోళ్లు గూడ పోయిండ్రు. గుంపుమేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి లారీల ఎక్కించుకపోయిన పాలమూరు లేబర్ కథ ఇనుకుంట పెరిగినోళ్లకు ఆ ఓడ కథ కొత్తగ అనిపియ్యది.

ఆ దీవిల 2009 జనవరి 20 నాడు సార్వత్రిక సమ్మె మొదలైంది. యాభై దాకా సంఘాలు ఒక్కటైనయి. కారణం ఏంది? పెట్రోల్ ధర, బియ్యం ధర, పాల ధర. సరుకంతా సముద్రం దాటి రావాలె, తెచ్చి అమ్మేది కొన్ని పెద్ద కంపెనీలే. ఫ్రాన్స్‌ల ఉన్నోని కంటే జీతం తక్కువ, సామాను ధర ఎక్కువ. తక్కువ జీతపోళ్లకు నెలకు 200 యూరోలు పెంచాలె అన్నది వాళ్ల పెద్ద డిమాండ్. పెట్రోల్ బంకులు బంద్, బడులు బంద్, దుకాండ్లు బంద్. ఫిబ్రవరి 5 సంది పక్క దీవి మార్టినిక్ గూడ కలిసింది. రోడ్ల మీద అడ్డాలు, మంటలు. ఒక యూనియన్ నాయకుడు తుపాకీ గుండు తగిలి సచ్చిపోయిండు. 44 దినాలైనంక, మార్చి 4 నాడు ఒప్పందం మీద సంతకాలైనయి. జీతాల ఒప్పందానికి సచ్చిపోయిన ఆ నాయకుని పేరే పెట్టిండ్రు. 200 యూరోల మాట దాంట్ల ఉన్నది.

ఇప్పుడు నెల సూడుండ్రి. జనవరి, ఫిబ్రవరి అంటే ఆడ టూరిస్టుల సీజన్ నడిమిట్ల. ఓడలు పక్క దీవులకు మళ్లినయి, హోటళ్ల బుకింగులు క్యాన్సిల్ అయినయి. గెలిచింది నిజం, మునిగింది గూడ నిజం. సమ్మె చేసిన కూలి మనిషి, ఆ సమ్మెతోని బేరం పోయిన టాక్సీ మనిషి ఒక్క ఇంట్లనే ఉండొచ్చు. అన్న సమ్మెల, తమ్ముడు రేవు కాడ.

పదిహేనేండ్లయినంక గూడ ఆ రోగం మానలే. 2024 సెప్టెంబర్ల మార్టినిక్ల మళ్ల జనం రోడ్ల మీదికొచ్చిండ్రు. ఫ్రాన్స్‌ల కంటే ఆడ తిండి సామాను ధరలు 40 శాతం దాకా ఎక్కువ ఉన్నయి. అక్టోబర్ 10 నాడు ఆందోళనకారులు విమానాశ్రయం రన్‌వే మీదికే చొచ్చుకపోయిండ్రు. విమానాలను వేరే దీవికి మళ్లియ్యాల్సొచ్చింది. వారం తిరగకముందే, అక్టోబర్ 16 నాడు, 6,000 రకాల సరుకుల ధరలు సగటున 20 శాతం తగ్గిస్తమని ఒప్పందం రాసుకున్నరు. ఇన్నేండ్లు కాని పని వారంల ఎట్లయింది? బయటోనికి దారి బంద్ అయితేనే లోపలోని బాధ కనవడుతది. అది బాగున్నదని నేనంటలేను. గట్లనే నడుస్తున్నదని అంటున్న.

ఓడకు కాళ్లున్నయి

గీడ అసలు కిటుకు ఉన్నది. క్రూయిజ్ టికెట్ కొన్నప్పుడు సన్నని అచ్చుల ఒక షరతు ఉంటది. ఏ రేవునైనా తప్పియ్యొచ్చు, ఇంకో రేవుకు పోవొచ్చు, లేకుంటే సముద్రంలనే ఉండొచ్చు, దానికి పరిహారం అడగొద్దు అని. మా తమ్మునికి వాపస్ వచ్చిన ఆ కొన్ని డాలర్లు కూడా దీవికి కట్టాల్సిన పన్నే, కట్టలేదు గనుక తిరిగి ఇచ్చిండ్రు. కంపెనీకి పోయింది మస్తు తక్కువ. ఇంకా చెప్పాల్నంటే ఒడ్డు మీదికి పోని దినం జనం ఓడలనే తింటరు, ఓడలనే కొంటరు.

ఇంకో ఎత్తు గూడ ఉన్నది. కంపెనీలు సొంతంగ దీవులు, ఒడ్డులు పట్టుకున్నయి. హైతీ ఉత్తర కొసకు లబాడీ అనే జాగ ఉన్నది. రాయల్ కరీబియన్ కంపెనీ దాన్ని 1980ల సంది లీజుకు తీసుకొని చుట్టూ కంచె పెట్టి నడుపుతున్నది. దేశమంతా ఒక దిక్కు, కంచె లోపల ఇసుక ఒక దిక్కు. అయినా 2016 జనవరిల ఎన్నికల లొల్లి అయితున్నప్పుడు ఆందోళనకారులు చిన్న పడవలల్ల వచ్చి అడ్డం పడితే, ఓడ జనాన్ని దించకుంటనే మర్రిపోయింది. తర్వాత రాజధానిల గ్యాంగుల రాజ్యం పెరిగి, 2024 మార్చిల ఓడలు ఆగినయి, అదే ఏడు అక్టోబర్ల మళ్ల వచ్చినయి, 2025 ఏప్రిల్ల మళ్ల ఆగినయి. తుపాకులు పేలుతున్నది రాజధానిల. కూలి పోయింది అంత దూరంల ఉన్న లబాడీ బొమ్మలమ్మేటోనికి. ఆ ఓడలకు ఏమైంది? బహామాస్‌ల అదే కంపెనీకి ఇంకో సొంత దీవి ఉండనే ఉండె.

కంపెనీకి నాలుగు దార్లున్నయి. దీవిలోనికి ఒక్కటే ఒడ్డున్నది. సమ్మెల బలం, నష్టం రెండూ ఈ లెక్క కాడనే తేలుతయి. లేచిపోయేటోనికి నష్టం తక్కువ, లేచిపోలేనోనికి ఎక్కువ.

మన బస్సు సమ్మె

ఇది దూరం ముచ్చట అనుకోవద్దు. 2019 అక్టోబర్ 5 మతికి తెచ్చుకోండ్రి. దసరా మూడు దినాలున్నది. ఆర్టీసీల 48 వేల మంది దాకా సమ్మెకు దిగిండ్రు. సంస్థను సర్కార్ల కలపాలె అన్నది మొదటి డిమాండ్. సెప్టెంబర్లనే నోటీసులు ఇచ్చిండ్రు. చెప్పిన టైముకు డ్యూటీకి రానోళ్లు వాళ్లంతల వాళ్లే ఉద్యోగం పోగొట్టుకున్నట్టని అప్పటి ముఖ్యమంత్రి అన్నరు. సమ్మె 52 దినాలు నడిచింది.

ఆ దసరాకు నేను హైదరాబాద్ల ఉంటి. ఎప్పుడైతే బస్సుల కొత్తకోట దాకా వచ్చి, ఆడికెళ్లి మదనాపురం మీదంగ ఊరికొస్తుంటి. ఆ పండుగకు రైలెక్కి వనపర్తి రోడ్ స్టేషన్ల దిగుదామనుకుంటే, జనరల్ డబ్బాల కాలు పెట్టే సందు లేదు. ఒక జీపాయన దొరికిండు. ఎప్పుడిచ్చే కిరాయికి మూడింతలు అడిగిండు. లోపల పద్నాలుగు మందిమి. నా పక్కకు ఒక ముసలామె, ఒళ్లె పండుగ బట్టల సంచి పట్టుకొని, "వచ్చేటప్పుడు బస్సుకు పెట్టుకున్న పైసలు పోయేటప్పటికే అయిపాయె బిడ్డా" అన్నది. ఆమె సమ్మె చేసినోళ్లను తిట్టలే, సర్కార్‌ను తిట్టలే. తిరిగి ఎట్ల పోవాల్నో లెక్క పెట్టుకుంట కూసున్నది.

బడి సెలవులు అక్టోబర్ 19 దాకా పొడిగించిండ్రు. టెంపరరీ డ్రైవర్లను పెట్టి కొన్ని బస్సులు నడిపిండ్రు. దీపావళి వచ్చింది, పోయింది. కురుమూర్తి జాతర గూడ ఆ సమ్మె నడుమనే వచ్చింది. బస్సులు సరిగ లేవని స్వామి గుట్ట దిగి ఇంకో జిల్లాకు పోతడా? జనం ట్రాక్టర్లల్ల వచ్చిండ్రు, బండ్ల మీద ముగ్గురు ముగ్గురు వచ్చిండ్రు, నడిచి వచ్చిండ్రు. జాతరల మాకు తెలిసిన గాజులామె ఆ ఏడు చెప్పిన మాట ఇంకా యాదికున్నది. "దగ్గర ఊర్లోళ్లు వచ్చిండ్రు, దూరపోళ్లు తక్కువైండ్రు. దూరంకెళ్లి వచ్చినోళ్లే డజన్ల కొద్ది కొంటరు" అన్నది. బేరం తగ్గింది కానీ జాతర ఆగలే. జాతరకు, ఓడకు ఉన్న ఫరక్ ఇదే. మన జాగ మీద, మన నమ్మకం మీద నిలబడ్డ బేరం దెబ్బ తింటది కానీ లేచిపోదు. పరాయోని షెడ్యూల్ మీద నిలబడ్డ బేరం ఒక్క మైకు మాటతోని లేచిపోతది.

సమ్మె చేసినోళ్లకు ఏమైంది? చేసిన పనికి రావాల్సిన సెప్టెంబర్ జీతం రాలే. కొందరు పాణం తీసుకున్నరు, కొందరు గుండాగి పోయిండ్రు. నవంబర్ 25 నాడు జేఏసీ సమ్మె ఆపినమన్నది. 29 నాడు మళ్ల డ్యూటీ ఎక్కిండ్రు. డిసెంబర్ మొదట్ల కిలోమీటర్‌కు 20 పైసలు ఛార్జీ పెరిగింది. ఆ ఛార్జీ ఎవరు కట్టిండ్రు? జీపుల నా పక్కకు కూసున్న ముసలామెనే. ఇక కలపాలె అన్న డిమాండ్? 2023 ఆగస్టుల అసెంబ్లీల బిల్లు పాసైంది, 43 వేల పైచిలుకు ఉద్యోగులను సర్కార్ ఉద్యోగులను చేస్తమని. 2019ల అసాధ్యమన్న మాట నాలుగేండ్లకు చట్టమైంది. మరి ఆ 52 దినాలు, ఆ పాణాలు ఎవరి లెక్కల రాయాలె?

2011 సకల జనుల సమ్మె వేరే తీరు. సెప్టెంబర్ 13 సంది అక్టోబర్ 24 దాకా 42 దినాలు. బస్సులు బంద్, బొగ్గు బంద్, బడులు బంద్. దసరా అప్పుడు గూడ నడుమనే వచ్చింది. కష్టం లేదా? మస్తు ఉండె. కానీ సమ్మె చేసేటోడు, కష్టపడేటోడు ఒక్కడే అని జనం అనుకున్నరు. అందుకే తట్టుకున్నరు. 2019ల సానుభూతి ఉన్నా, సమ్మె ఆర్టీసీ వాళ్లది, కష్టం మనది అన్నట్టైంది. సమ్మె బలం రోడ్డు మీది అడ్డంల కంటే ఈ లెక్కలనే ఎక్కువుంటది.

తప్పు ఒక్క దిక్కే లేదు

సమ్మె చేసే హక్కును నేను తక్కువ చేస్తలేను. కానీ చేసేటోళ్లు గూడ ఒక మాట ఆలోచన చేయాలె. జీతపోడు నెల జీతం పోయి సమ్మె చేస్తడు. గాజులామెకు, ఆటో ఆయనకు, కొబ్బరిబోండాలాయనకు జీతమే లేదు, డిమాండ్ల కాయితంల పేరే లేదు. సమ్మె గెలిస్తే వాళ్లకు ఒచ్చేదేంది? గ్వాడెలూప్ సమ్మె అన్ని దినాలు నిలబడ్డదంటే జీతం ముచ్చటతోని పాటు బియ్యం ధర, పెట్రోల్ ధర ముచ్చట పెట్టినందుకే. రేవు కాడి మనిషికి గూడ అది తన సమ్మెనే అనిపించింది.

సర్కార్ దిక్కు కూడా మాట ఉన్నది. పద్నాలుగు దినాల ముందు నోటీస్ ఇయ్యాలె అని చట్టం ఉన్నది. మొదలు బస్సుల అసొంటి ప్రజా సేవలకు ఉండె, ఇప్పుడు కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌తోని అన్ని పరిశ్రమలకు పెట్టిండ్రు. నోటీస్ ఇచ్చేది ఎందుకు? ఆ పద్నాలుగు దినాలల్ల కూసోని మాట్లాడనీకి. మాట్లాడకుంట దినాలు లెక్కవెట్టుకుంట కూసుంటే నోటీస్ కాయితమే అయితది. నోటీస్ సమ్మె చేసేటోని మీద ఎంత బాధ్యతనో, వినేటోని మీద గంతే బాధ్యత అని చట్టంల గట్టిగ రాయాలె.

సోమశిల లాంచీ ఎక్కేముందు

ఇదంతా ఇప్పుడెందుకు అంటరా? మన కృష్ణ మీద గూడ పడవల టూరిజం లేస్తున్నది. 2024 చివర్ల టూరిజం వాళ్లు సోమశిల నుంచి, నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీలు నడుపుడు మొదలుపెట్టిండ్రు. నల్లమల నడుమ నీళ్ల మీద పొయ్యే దారి, సూడసక్కగుంటది. మన జూరాల కాడ గేట్లెత్తిన దినం కార్లు ఎట్ల నిలబడుతయో, చేపల ఫ్రై కాడ జనం ఎట్లుంటరో మనకు ఎవరూ చెప్పే పనిలేదు. రేపు ఇంకా పెద్దయి వస్తయి. రావాలె గూడ. మన పోరగాళ్లు సెంట్రింగ్ పనికి పుణె, ముంబై పోయే బదులు మన నీళ్ల కాడనే నాలుగు పైసలు సంపాదిస్తే ఎవరొద్దంటరు?

కానీ వచ్చినప్పుడు చప్పట్లు కొట్టుడు ఆపి నాలుగు సంగతులు అడగాలె. లాంచీ నడిపేటోడు, వంట చేసేటోడు కాంట్రాక్టు మనిషా, పర్మినెంటా? జీతం ఆగితే ఎవరిని అడగాలె? టికెట్ల వచ్చిన పైసలల్ల ఊరికి ఎంత, పంచాయతీకి ఎంత? చేపలు మన బెస్తోళ్ల సంఘం కాడ కొంటరా, యాడికెళ్లో డబ్బాలల్ల తెస్తరా? నీళ్లు తగ్గి లాంచీ బంద్ అయిన నెలలల్ల ఆ మీద బతికేటోనికి ఇంకో ఆసరా ఏంది? ఇవి మొదలు అడగకుంటే, పదేండ్లకు రోడ్డు మీద టైరు కాలబెట్టి అడగాల్సొస్తది. అప్పుడు "స్థానిక అల్లర్లతోని టూర్ రద్దు" అని పేపర్ల ఒక్క లైను వస్తది.

హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఓడలల్ల నౌకరీకి పోవాల్నని సూసే తమ్ముళ్లకు గూడ ఒక మాట. పోండ్రి, కానీ కాంట్రాక్టు చదువుకొని పోండ్రి. ఆ ఓడలు చానావరకు బహామాస్, పనామా అసొంటి దేశాల జెండా కింద నడుస్తయి. జెండా ఎవలదో ఓడ మీద చట్టం ఎక్కువగ వాళ్లదే. ఒడ్డు మీది మనిషికి లేని బలం ఓడ లోపల గిన్నెలు కడిగేటోనికి ఉంటదని అనుకోవద్దు.

మా తమ్మునికి నిన్న ఫోన్ చేసి ఇదంతా చెప్పిన. జర సేపు ఇని, "మళ్లొకసారి పోతే దిగిన కాడ ఓడ వాళ్ల బస్సు ఎక్కకుంట అక్కడి టాక్సీ ఎక్కుత అన్నా, అక్కడనే తింట" అన్నడు. మంచిదే అన్న. ఈసారి దీపావళి దాటినంక కురుమూర్తికి రమ్మన్న, అత్తమామలను గూడ తోలుకొని. గాజులామె కాడ మాత్రం బేరమాడొద్దని ముందుగాలనే చెప్పిన.